ముందే తగిలిన దెబ్బలు

లోకంలో బాగున్న వస్తువంటూ ఏదీ లేదని లిస్టు మాస్టారి సిద్ధాంతం. నిన్ననే కొని ఇంకా అట్టపెట్టె విప్పని వస్తువైనా సరే, ఆయన దాని చుట్టూ ఓసారి తిరిగి, కళ్లజోడు ముక్కు మీదికి దింపి, రెండు వేళ్లతో తట్టి, ఏదో ఒక వంక పట్టుకుంటే గానీ వదిలేవాడు కాదు. వంక దొరక్కపోతే "లోపల గీత ఉండవచ్చు" అని రాసేవాడు. ఉండవచ్చు అన్నదాన్ని లేదని రుజువు చేయగలిగిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు.

ఆయన ఉద్యోగమే అలాంటిది. ఇళ్లు మారేవాళ్ల సామాను లారీకెక్కించి కొత్త ఇంట్లో దించే కంపెనీలో ఇరవై ఏళ్లుగా గుమస్తా. కూలీలు సామాను మీద చెయ్యి వేయకముందే అట్టకు కాగితం బిగించుకుని ఇల్లంతా తిరిగి, ఏ వస్తువుకి ఎక్కడ ఏ దెబ్బ ఉందో రాయాలి. దాని కింద ఇంటాయన చేత "ఈ దెబ్బలన్నీ ముందే ఉన్నాయని ఒప్పుకుంటున్నాను" అని సంతకం పెట్టించాలి. అప్పుడు దారిలో ఏది విరిగినా కంపెనీ మెడకు చుట్టుకోదు. కంపెనీలో దీన్ని ముందస్తు దెబ్బ అనేవారు. మాస్టారి అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

మాటల విషయంలో ఆయన ఘటికుడే, ఒప్పుకోవాలి. గోటికి తగిలితే గీత, గోరు దిగితే గాటు. సొట్ట రేకుకీ ఇత్తడికీ పడుతుంది గానీ చెక్కకి పడదు, చెక్కకి పడేది నొక్కు. గాజుకి పగులు, పింగాణీకి పెచ్చు, గోడకి బీట. గుడ్డ మధ్యలో పోతే చిరుగు, కుట్టు దగ్గర పోతే పిగులు. పాత చెక్క పొడి రాలిస్తే పుచ్చు, పెట్టిన వేలు లోపలికి దిగబడితే చివుకు. ఒకసారి కొత్తగా చేరిన గుమస్తా చెక్కబల్లకి సొట్ట అని రాస్తే, "సొట్ట పడింది బల్లకి కాదు, నీ చదువుకి" అని ఆ కాగితం చింపి అతని చేతిలోనే పెట్టాడు. ఇన్ని మాటలు తెలిసిన మనిషికి "బాగుంది" అన్న మాట మాత్రం ఒంటికి పడదు. లిస్టులో దానికి గడి కూడా లేదు. ఆ లిస్టు గీసింది ఆయనే మరి.

ఒక టీచరమ్మగారి నిలువుటద్దానికి "కింది అంచున సన్నని పగులు" అని రాశాడు. అద్దం కొత్త ఇంట్లో నాలుగు ముక్కలుగా దిగింది. ఆవిడ లబోదిబోమంటే మాస్టారు నిదానంగా కాగితం తీసి చూపించాడు.

"పగులు ముందే ఉందమ్మా. పగులన్నాక పెరుగుతుంది. అది దాని గుణం."

"లేని పగులు ఎలా పెరుగుతుందండీ?"

"లేకపోతే ఉందని సంతకం ఎందుకు పెట్టారమ్మా?"

ఇల్లు మారే రోజున మనిషికి ఒళ్లు తెలియదు. పిల్లలు ఒక పక్క, పాలగిన్నె ఒక పక్క, తాళాలు ఎక్కడ పెట్టామో తెలియదు. అలాంటి ఘడియలో ఏ కాగితం ముందు పెట్టినా సంతకం పెట్టేస్తారు. ఈ రహస్యం కనిపెట్టినందుకు ఓనరు మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగించేవాడు. తర్వాత ఒక లాయరుగారు "చదవకుండా సంతకం పెట్టాను, అది చెల్లదు" అని అడ్డం తిరిగితే, మాస్టారు దానికీ విరుగుడు కనిపెట్టాడు. లిస్టు మొత్తం వీధిలో లారీ ముందు నిలబడి పైకి చదవాలి. ఒక్కో వస్తువుకీ ఇంటాయన నలుగురికీ వినపడేలా "ఒప్పుకుంటున్నాను" అనాలి. చదివేది మాస్టారే కాబట్టి నూటయాభై వస్తువులు పది నిమిషాల్లో అయిపోయేవి. వినేవాడికి వడగళ్లవాన చప్పుడే తప్ప మాట తెలిసేది కాదు. తల ఊపీ ఊపీ చివరికి దేన్ని ఒప్పుకున్నారో తెలియకుండానే లారీ వెనకాల నడిచేవారు.

ఆఫీసు బుద్ధి ఆఫీసులో విప్పి రావడానికి అదేం చొక్కానా? పెళ్లైన కొత్తలో భార్య నవ్వుతుంటే, పై వరసలో ఒక పన్ను కాస్త వంకరని ఆయన చెప్పాడు. ఆప్యాయంగానే చెప్పాడు, అలా అనుకున్నాడు పాపం. అప్పట్నుంచి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంది. కొన్నేళ్లకు ఆ చేతికి కూడా పని తగ్గింది.

ఆవిడకి ఒక కుట్టుమిషను ఉండేది. ఉండేది ఏమిటి, ఇప్పటికీ ఉంది, మంచం కింద. పిల్లల గౌన్లు, బడి యూనిఫారాలు, మగవాళ్ల చొక్కాలు, ఒకటేమిటి, వీధివీధంతా ఆవిడ చేతి కుట్టే. మూడేళ్ల కింద ఒకరోజు ఆ మిషను మెట్ల మీద నుంచి పడిపోయింది. చక్రం వంగింది, పాదం విరిగింది. మిషను పడిపోయింది అని మాస్టారు అందరికీ చెప్పాడు. ఆవిడా అదే చెప్పింది. అది ఎలా పడిందో ఇంట్లో ఇద్దరికే తెలుసునని ఆయన నమ్మకం. ఆవిడ వారానికోసారి మంచం కింద నుంచి దాన్ని బయటికి లాగి, దుమ్ము తుడిచి, నూనె చుక్కలు వేసి, మళ్లీ లోపలికి తోసేది. కుట్టని మిషనుకి నూనె ఎందుకని ఆయన ఎన్నోసార్లు నవ్వాడు.

ఇప్పుడు ఇల్లు మారే వంతు మాస్టారికే వచ్చింది. ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు, నాలుగు వీధుల అవతల వేరే ఇల్లు దొరికింది. మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఖాళీ చేయాలి, కొత్తగా వచ్చేవాళ్లు సామానుతో సహా దిగుతారు. కంపెనీ లారీ, కూలీలను ఓనరు ఊరికే పంపాడు. మాస్టారు పొద్దున్నే సుద్దముక్క పట్టుకుని, వదిలేయాల్సిన సామాను మీద ఇంటూ గుర్తు పెట్టుకుంటూ పోయాడు. గుర్తు పడిన సామాను లారీ ఎక్కదు, తుక్కు కొనేవాడికి పోతుంది. మంచం కిందికి వంగి, కుట్టుమిషను మీద అడ్డంగా ఇంత పెద్ద గుర్తు పెట్టాడు.

"ఏమండీ, మిషను తీసుకెళ్దాం" అంది ఆవిడ.

"ఆ తుక్కా? ఎక్కడ పెడతావు?"

"ముందు గదిలో, కిటికీ పక్కన. వెలుతురు బాగుంటుంది. చక్రం, పాదం మారిస్తే చాలట, బాగుచేసే అతను ఎప్పుడో చెప్పాడు."

"ముందు గదిలో జనం వచ్చి కూర్చోవడం నాకు పడదు. ఇరవై ఏళ్లుగా సామాను చూస్తున్నవాణ్ని, నాకు తెలియదా? అది పనికిరాదు. అయిపోయింది."

ఆవిడ బట్టల మూటకు ముడి బిగిస్తూ ఇంకేమీ అనలేదు. మాస్టారికి అది ఒప్పుకోలుగానే వినపడింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఎవరింటి లిస్టు వాళ్లు రాసుకోకూడదని కంపెనీలో రూలు. ఓనరు బావమరిది ఒకసారి తన లిస్టు తనే రాసుకుని, అన్నిటికీ "సరికొత్తది" అని పెట్టి, సొట్టల బిందెకి బదులు కొత్త బిందె రాబట్టుకున్నాడు. ఆ దెబ్బకి మాస్టారే పట్టుబట్టి ఆ రూలు పెట్టించాడు. ఇప్పుడు ఓనరుకి ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు.

"రూలు నీదేగా మాస్టారూ. మీ ఆవిడకి రాయడం వచ్చుగా, ఆవిడ చేత రాయించు. మన పెద్ద మేస్త్రీ చదువుతాడు. సామాను నీ పేరున ఉంది కాబట్టి సంతకం నువ్వు పెట్టు."

మాస్టారు అట్ట, కలం భార్య చేతికిచ్చి, వసారాలో నిలబడి పాఠం చెప్పాడు. "ఇదిగో, ఏ సామానూ బాగుందని రాయకు. ప్రతిదానికీ ఏదో ఒక దెబ్బ ఉండాలి. దెబ్బ ఎక్కడుందో రాయి, ఎలా తగిలిందో కూడా రాయి. ఎంత వివరంగా ఉంటే అంత గట్టిగా నిలబడుతుంది. లిస్టులో ఉన్న సామాను లారీ ఎక్కి తీరాలి, లేనిది ఎక్కకూడదు. అర్థమైందా?"

"ఎలా తగిలిందో రాయాలా?"

"రాయాలి. ఎందుకు అడుగుతున్నావు?"

"ఏం లేదు" అంది ఆవిడ.

ఇంతలో ఇంటి యజమాని గోడలు చూడటానికి వచ్చాడు. మేకు బెజ్జాలు లెక్కపెట్టడం మొదలుపెట్టేసరికి మాస్టారు ఆయన వెనకే పరుగెత్తాడు. ఆ బెజ్జాలు తాము దిగక ముందే ఉన్నాయని మాస్టారు, దిగాకే పడ్డాయని యజమాని. వంటింటి గోడది బీట అని ఒకరు, కాదు పెచ్చు అని ఒకరు. దొంగకీ దొంగకీ మధ్య తగువు లాగా గంట గడిచింది. చివరికి మాస్టారు తాళాలు ఆయన చేతిలో పెట్టి బయటపడేసరికి సామానంతా వీధిలో లారీ పక్కన దిగి ఉంది. కొత్తవాళ్ల బండి కూడా వచ్చి లారీ వెనకాల హారన్ కొడుతోంది. పై వాటాలో ఉండే పెద్దమ్మ బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎదురింటివాళ్లు గేటు దగ్గర నిలబడ్డారు.

ఆ సామాను మధ్యలో సుద్ద గుర్తుతో సహా కుట్టుమిషను ఉంది.

"దీన్ని ఎవరు దించారు?" అన్నాడు మాస్టారు.

"లిస్టులో ఉంది మాస్టారూ" అన్నాడు పెద్ద మేస్త్రీ. కూలీల్లో పెద్దవాడు, యాభై దాటాక కూతురి దగ్గర అక్షరాలు నేర్చుకున్నవాడు. అతనికి చదవడం మీద ఎంత మోజో, వేగం అంత తక్కువ. ఒక్కో అక్షరాన్నీ రాయి ఎత్తినట్టు ఎత్తి, జాగ్రత్తగా దించేవాడు.

"సరే, సరే, చదువు. త్వరగా కానీ" అన్నాడు మాస్టారు.

పెద్ద మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "మం... చం. ఎడమ వైపు కోడుకి... నొక్కు. ఇంటి యజమాని ఖాళీ చేయమన్న రోజు... ఆయన్ని ఏమీ అనలేక... ఈయన మంచాన్ని తన్నారు."

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు గిరుక్కున భార్య వైపు తిరిగాడు. ఆవిడ మూటల మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"ఇదేం రాత?"

"ఎలా తగిలిందో రాయమన్నారుగా" అంది.

"ఒప్పుకుంటున్నారా మాస్టారూ?" అన్నాడు పెద్ద మేస్త్రీ.

వెనక బండివాడు మళ్లీ హారన్ కొట్టాడు. "ఆ, ఒప్పుకుంటున్నాను, కానీ."

"బీరువా. తలుపుకి... సొట్ట. తాళంచెవి కనపడలేదని మోకాలితో పొడిచారు. తాళంచెవి... ఆయన జేబులోనే ఉంది."

ఎదురింటాయన గేటు వెనక్కి తప్పుకున్నాడు, నవ్వు ఆపుకోలేక. ఒప్పుకుంటున్నాను అన్నాడు మాస్టారు. గోడ గడియారం, అద్దం పగులు. ఆఫీసుకి ఆలస్యమైందని కొట్టారు, గడియారం తప్పు లేదు, టైము సరిగ్గానే చూపిస్తోంది. ఒప్పుకుంటున్నాను. భోజనాల బల్ల, మధ్యలో గాటు. కూరలో ఉప్పు ఎక్కువైందని గరిటె విసిరారు. ఉప్పు ఎక్కువ కాలేదు. ఒప్పుకుంటున్నాను. స్టీలు బిందె, అడుగున చిల్లు. ఇది నా వల్ల, పదకొండేళ్ల కింద నేనే జారవిడిచాను. చిన్న స్టూలు, కాళ్లు వదులు. దీనికి ఎవరూ కారణం కాదు, పాతబడింది.

తప్పు పడితే పట్టడానికి వీల్లేని రాత అది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. గీత ఉన్నచోట గీత, గాటు ఉన్నచోట గాటు. ఇరవై ఏళ్లలో ఏ గుమస్తాకీ పట్టుబడని పని ఈవిడకి ఎలా పట్టుబడిందని మాస్టారికి ఒక్క క్షణం ఆశ్చర్యం కూడా వేసింది. వెంటనే తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. చదివేవాడు కాస్త తొందరగా చదివినా బాగుండేది. పెద్ద మేస్త్రీ మాత్రం ప్రతి మాటనీ ముందు చిన్నగా గుణించుకుని, తర్వాత వీధి చివరికి వినపడేలా చదువుతున్నాడు. గట్టిగా చదవాలని కూడా రూలే.

చివరికి వచ్చాడు. "కుట్టు... మిషను."

"దానికి గుర్తు పెట్టాను. అది రాదు. కొట్టెయ్" అన్నాడు మాస్టారు.

"చదివాక చెప్పండి మాస్టారూ. మధ్యలో ఆపకూడదు." పెద్ద మేస్త్రీ కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "చక్రం వంకర. పాదం విరిగింది. మూడేళ్ల కింద ఒక ఆదివారం... గౌన్ల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు... ఆయన్ని చూసి, టైలరమ్మగారి భర్త మీరేనా అని అడిగారు. వాళ్లు వెళ్లగానే... ఆయన మిషను ఎత్తి... మెట్ల మీద నుంచి విసిరేశారు. పడిపోయిందని అందరికీ చెప్పారు. నేనూ అలాగే చెప్పాను."

హారన్ కూడా ఆగిపోయింది. పెద్ద మేస్త్రీ తలెత్తలేదు. చదివింది తనకే ఇప్పుడు అర్థమైనట్టు ఇంకోసారి మనసులో చదువుకున్నాడు.

మాస్టారి మొహం నల్లబడింది. "ఇది ఒప్పుకోను. పడిపోయింది, అంతే. పడిపోయింది అని రాయి."

"పడలేదుగా" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఇంకేదైనా తప్పు రాస్తే చెప్పండి, దిద్దుతాను. ఇది దిద్దను."

"అయితే దెబ్బే లేదని రాయి!"

పెద్ద మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. "దెబ్బ లేదంటే మంచి సామాను కిందికి వస్తుంది మాస్టారూ. మంచిగా ఎక్కించి మంచిగా దించాలి. అక్కడ చక్రం వంకరగా దిగితే మా పొరపాటు అవుతుంది. మా నలుగురికీ మెమో ఇస్తారు. ఆ రూలు..."

"తెలుసు!" అన్నాడు మాస్టారు. దెబ్బ లేదంటే మిషను లారీ ఎక్కుతుంది. ఉందంటే, ఎలా తగిలిందో ఒప్పుకుని మరీ ఎక్కించాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ తవ్వింది తనే. ఓనరుకి ఫోన్ చేశాడు.

"లిస్టులో రాసింది అబద్ధమా మాస్టారూ?" అన్నాడు ఓనరు అంతా విని.

మాస్టారు మిషను వైపు ఓసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

"అబద్ధమైతే కొట్టేసి పక్కన సంతకం పెట్టు. కాకపోతే ఒప్పుకుని బండి కదిలించు. పన్నెండున్నరకి ఇంకో ఇల్లుంది." ఫోన్ పెట్టేశాడు.

వెనక్కి పోదామంటే తాళాలు ఇచ్చేశాడు. ముందుకు పోదామంటే నోరు పెగలడం లేదు. ఈ వీధిలో ఏడేళ్లు కాపురం ఉన్నాడు. రోడ్డున పోతుంటే మాస్టారూ అని పలకరించేవాళ్లంతా ఇప్పుడు గేట్ల దగ్గర నిలబడి ఉన్నారు. నిజంగా సిగ్గేసింది ఆయనకి. విసిరేసినందుకా, విసిరేసినట్టు తెలిసినందుకా అంటే, ఆ గీత ఎక్కడ పడుతుందో ఆయనకే తెలియదు.

ఆవిడ వచ్చి మిషను పక్కన నిలబడింది. "మీరు ఒప్పుకోకపోతే వీళ్లు దీన్ని లారీ ఎక్కించరు. ఫరవాలేదు, మిగతాది మీరు తీసుకెళ్లండి. నేను మిషను రిక్షాలో వేసుకుని మా అక్క ఇంటికి వెళ్తాను. అక్కడ కిటికీ ఉంది."

మాస్టారు భార్య మొహంలోకి చూశాడు. ఆవిడ బెదిరించడం లేదు. ఎవరో బండి టైము చెప్పినట్టు చెప్పింది. ఆయనకి మొదటిసారి భయం వేసింది.

"ఒప్పుకుంటున్నాను" అన్నాడు.

"గట్టిగా మాస్టారూ" అన్నాడు పెద్ద మేస్త్రీ మొహమాటంగా. "నలుగురికీ వినపడాలి."

"ఒప్పుకుంటున్నాను!"

"ఎక్కడ దించాలి... ముందు గది. కిటికీ పక్కన." మేస్త్రీ కాగితం మీద అదొక్కటే ఎక్కడా తడుముకోకుండా చదివాడు.

ఆవిడ అరచేత్తో సుద్ద గుర్తు తుడిచేసింది. విరిగిందని రాసిన సామానుని కూలీలు మామూలుగా ఎత్తి కుదేసేవాళ్లు, విరిగినదానికి మర్యాదేమిటని. ఇవాళ మాత్రం మంచాల మీద కప్పే దుప్పటి తెచ్చి చుట్టి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని, డ్రైవరు పక్కన పెట్టారు. ఆవిడ ఎక్కి దాని పక్కన కూర్చుంది.

మాస్టారికి వీధిలో ఒంటరిగా నిలబడటం కష్టమైంది. ఏదో ఒకటి అని ఈ సంగతి మీద మట్టి కప్పాలి. బాల్కనీ వైపు తలెత్తి, నవ్వు తెచ్చిపెట్టుకుని, "ఏదో కోపంలో జరిగిందండీ పెద్దమ్మగారూ. ఇన్నాళ్లూ ఇంట్లో గుట్టుగా ఉన్న మాట ఇవాళ వీధిలో పడింది" అన్నాడు.

"గుట్టా?" అంది పెద్దమ్మ. "ఏం గుట్టు నాయనా? జారిపడిన మిషను మెట్టు మెట్టుకీ మోగుతూ వస్తుంది. మీది ఒక్క మోతతో నేల మీదికొచ్చింది. దాని వెనకే నీ గొంతూ వచ్చింది. ఈ వీధిలో అందరికీ ఆ రోజే తెలుసు. నీకు తెలుసో లేదో అన్నదే మాకు ఇన్నాళ్లూ తెలియలేదు." తర్వాత లారీ వైపు వంగి, "అమ్మాయ్, మిషను బాగుకాగానే కబురు పెట్టు. మా మనవరాలి గౌను గుడ్డ మూడేళ్లుగా అలాగే ఉంది. అదిప్పుడు దాని చేతిరుమాలుకే సరిపోతుందనుకో" అంది.

పెద్ద మేస్త్రీ అట్ట ముందుకు చాపాడు. మాస్టారు కలం తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా సంతకం పెట్టాడు. మొన దిగబడి కాగితం పర్రున చిరిగింది. పెద్ద మేస్త్రీ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసుకుని, కలం అందుకుని, చిట్టచివర కొత్త గడిలో ఒక్కో అక్షరం పైకి పలుకుతూ రాసుకున్నాడు. "కాగితం. సంతకం దగ్గర చిరుగు. మాస్టారు నొక్కి రాశారు."